నొప్పికి మందు ఒకటే... దారులు ఎన్నో!

రాత్రి రెండు గంటలు. మంచం మీద పెద్దాయన మూలుగుతున్నాడు. కేన్సర్ ఎముకలకు పాకింది. 'ఒరేయ్ అబ్బాయ్, డాక్టరుగారికి చెప్పి ఓ సూది వేయించరా' అని కొడుకును బతిమాలుతున్నాడు. బల్ల మీద మార్ఫిన్ మాత్రలున్నాయి. 'మాత్రతో ఏమవుతుంది, సూది పడితేగానీ లాభంలేదు' అన్నది తండ్రి నమ్మకం. 'మార్ఫిన్ అంటే ఆఖరి మందు, అలవాటైపోతుందేమో' అన్నది కొడుకు భయం. మాత్ర బల్ల మీదే ఉండిపోతుంది. ఇద్దరికీ నిద్ర ఉండదు.

కేన్సర్ రోగులున్న చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. మరి సూదికి నిజంగానే అంత బలముందా?

మార్ఫిన్ నల్లమందు నుంచి వస్తుంది. గసగసాల కాయ పాలే నల్లమందు. అందులోంచి మార్ఫిన్‌ను 19వ శతాబ్దం తొలినాళ్లలో వేరుచేసింది జర్మనీకి చెందిన సెర్టూర్నర్. 1853లో అలెగ్జాండర్ వుడ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు దాన్ని సూదితో చర్మం కిందికి ఎక్కించాడు. నొప్పి ఉన్నచోటే సూది వేస్తే అక్కడే పనిచేస్తుందని ఆయన అనుకున్నాడు. నిజానికి మందు రక్తంలో కలిసి మెదడుకూ వెన్నుపాముకూ చేరి నొప్పిని అణచివేస్తుంది. తేడా అల్లా అక్కడికి ఏ దారిన, ఎంత త్వరగా చేరుతుందన్నదే!

నరానికి...

అన్నిటికన్నా వేగం ఇదే. మందు నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి నిమిషాల్లోనే గుణం కనిపిస్తుంది. ప్రమాదాలు, ఆపరేషన్లు, గుండెపోటు వంటి అత్యవసర సమయాల్లో ఇదే వాడతారు. అయితే ఎంత వేగమో అంత జాగ్రత్త కావాలి. డోసు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. అందుకే కొంచెం కొంచెంగా ఇస్తూ కనిపెట్టుకుని ఉంటారు.

కండకు...

మనవాళ్లకు బాగా తెలిసిన సూది. కానీ దీర్ఘకాలం నొప్పికి పనికిరాదంటారు నిపుణులు. సూదే నొప్పి. పైగా మందు ఒకసారి త్వరగా, ఒకసారి నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది. చిక్కి శల్యమైన రోగికి అసలు కండే ఉండదు!

చర్మం కింద...

ఇన్సులిన్ వేసుకున్నట్టే సన్నని సూది. మింగలేనివాళ్లకు, వాంతులు ఆగనివాళ్లకు పాలియేటివ్ వైద్యులు ఎక్కువగా ఎంచుకునేది ఈ దారినే. చిన్న బటర్‌ఫ్లై సూదిని చర్మం కింద పెట్టి ఉంచితే మాటిమాటికీ గుచ్చక్కర్లేదు. చిన్న పంపు తగిలిస్తే మందు రోజంతా నిలకడగా వెళుతుంది. నరం దొరకలేదన్న బాధా లేదు. నర్సు వచ్చి చూస్తుంటే ఇంట్లోనూ సాధ్యమే.

వెన్నులోకి...

సిజేరియన్లు, పెద్ద ఆపరేషన్లప్పుడు మత్తు డాక్టరు ఇచ్చేది. వెన్నుపాముకు దగ్గరగా చేరుతుంది కాబట్టి అతి తక్కువ మోతాదు చాలు. వెన్ను ద్రవంలోకి ఇచ్చిన మార్ఫిన్ దాదాపు ఒక రోజు పనిచేయొచ్చు. ఊపిరి మందగించడం గంటల తర్వాత కూడా జరగొచ్చు కాబట్టి ఆసుపత్రిలో గమనిస్తూ ఉండాల్సిందే.

మరి మాత్ర?

కేన్సర్ నొప్పికి వీలైతే నోటి ద్వారానే, నొప్పి వచ్చాక కాకుండా వేళ ప్రకారం మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మింగిన మార్ఫిన్‌లో చాలా భాగం కాలేయంలోనే విరిగిపోతుంది. సుమారు మూడో వంతే రక్తానికి చేరుతుంది. అందుకే మాత్రల డోసు ఎక్కువగా ఉంటుంది. ఆ లెక్క సరిచేశాక, నిలకడగా ఉండే నొప్పిని తగ్గించడంలో సూదికీ మాత్రకూ పెద్ద తేడా లేదు. కాబట్టి మాత్రల డోసునే సూదిలో వేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆ మార్పు డాక్టరే చేయాలి.

ఇక అలవాటు సంగతి. వైద్యుల పర్యవేక్షణలో నొప్పి కోసం వాడే కేన్సర్ రోగులు దానికి బానిసలు కావడం అరుదు. శరీరం మందుకు అలవాటు పడుతుంది కాబట్టి ఒక్కసారిగా మాత్రం ఆపకూడదు. మలబద్ధకం చాలామందికి వస్తుంది కాబట్టి దానికీ మందు వాడాలి. రోగి లేపినా లేవకుండా మగతలో ఉన్నా, శ్వాస బాగా నెమ్మదించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరుగుడుగా నాలోక్సోన్ ఉంది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కారణంగా మార్ఫిన్ దొరకడమే కష్టమయ్యేది. 2014 సవరణ గుర్తింపు పొందిన ఆసుపత్రులకు ఆ చిక్కు తగ్గించింది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక పాలియేటివ్ విభాగమే ఉంది. నొప్పిని భరించడం గొప్పేమీ కాదు, అడగడం తప్పూ కాదు.

ఆ పెద్దాయనకు సూది అవసరం ఎప్పుడైనా రావచ్చు. ప్రస్తుతానికి బల్ల మీదున్న మాత్రను డాక్టరు చెప్పిన వేళకు వేసుకుంటే చాలు. తండ్రికీ, పక్కన కూర్చున్న కొడుక్కీ కాస్త కునుకు పడుతుంది.