ఉదయం ఏడింటికల్లా మెసేజ్ పడాల్సిందే.. అరవై దాటిన రన్నర్లు రోజూ ఈ లెక్క ఎందుకు పెడతారంటే?

“ఈరోజు 6 కిలోమీటర్లు, ఈజీ. ఎడమ మోకాలు కాస్త పట్టేసింది. రాత్రి మనవరాలితో వీడియో కాల్, పడుకునేసరికి పదకొండు దాటింది. రేపు రెస్ట్.”

అరవై దాటిన వాళ్లున్న ఏ రన్నింగ్ వాట్సాప్ గ్రూపు తెరిచినా తెల్లారేసరికి ఇలాంటి మెసేజ్‌లు వరసగా కనిపిస్తాయి. కిలోమీటర్లు, నిద్ర, మోకాలు, మనవలు, షుగర్ రీడింగ్.. అన్నీ కలిపి నాలుగు ముక్కల్లో. బయటివాళ్లకి ఇదేం గోల అనిపిస్తుంది. “పరిగెడితే పరిగెట్టావ్ నాన్నా, ఊరందరికీ చెప్పాలా?” అని ఇంట్లో పిల్లలు ఆటపట్టిస్తుంటారు కూడా. కానీ ఈ వయసులో గాయం లేకుండా పరుగు కొనసాగాలంటే ఆ నాలుగు ముక్కలే ఆధారం. ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లకైతే ఇంకా పెద్ద ఆధారం. అదెలాగో చూద్దాం.

వీళ్లంతా ఎవరు?

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్క్, నెక్లెస్ రోడ్. విశాఖలో బీచ్ రోడ్. తెల్లవారుజామున ఐదింటికి వెళ్తే కుర్రాళ్లతో పాటు తలపండిన వాళ్లు కూడా షూ లేసులు కట్టుకుంటూ కనిపిస్తారు. రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, డాక్టర్లు, షాపు కొడుకులకి అప్పజెప్పిన వ్యాపారులు, పిల్లల పెళ్లిళ్లయ్యాక తొలిసారి స్పోర్ట్స్ షూ కొనుక్కున్న గృహిణులు. చాలామంది చిన్నప్పటి నుంచి అథ్లెట్లేం కాదు. యాభై దాటాక ఒక షుగర్ రిపోర్టో, బీపీ రీడింగో చూసి వాకింగ్ మొదలుపెట్టినవాళ్లే. వాకింగ్ జాగింగ్ అయింది, జాగింగ్ 5కే అయింది, ఇప్పుడు హాఫ్ మారథాన్ అంటే 21.1 కిలోమీటర్ల దాకా వచ్చింది.

వీళ్లలో ఎక్కువమందికి పతకాల మీద ధ్యాస లేదు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగి, గడువులోపు ఫినిష్ లైన్ దాటితే చాలు. ఆ రేసు సంగతి తెలిసినవాళ్లకి అర్థమవుతుంది, అదేం చిన్న కోరిక కాదు. పొద్దున్నే ఉక్కపోత, కాళ్ల కింద ఎత్తుపల్లాలు. మా న్యూస్‌రూమ్‌లో పాతికేళ్ల వాళ్లం లిఫ్ట్ పనిచేయకపోతే మూడో ఫ్లోర్‌కి ఆయాసపడుతూ చేరుతున్నాం, అది వేరే విషయం!

ఇరవైల్లో మర్చిపోవచ్చు, అరవైల్లో కుదరదు

వయసు పెరిగేకొద్దీ శరీరం ఆక్సిజన్‌ని వాడుకునే గరిష్ఠ సామర్థ్యం తగ్గుతుంది. దీన్నే వీఓటూ మ్యాక్స్ అంటారు. కదలకుండా కూర్చునేవాళ్లలో ఇది ముప్పై దాటాక పదేళ్లకి దాదాపు 10 శాతం చొప్పున పడిపోతుందని అంచనా. క్రమం తప్పకుండా కష్టపడి ట్రైనింగ్ చేసేవాళ్లలో ఆ పడిపోవడం నెమ్మదిస్తుంది. ఆగిపోదు, నెమ్మదిస్తుంది.. అంతే. కండరం కూడా కరుగుతుంది. స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లలాంటివి, బిగుసుకుపోతాయి. అందుకే మడమ వెనక నొప్పి, పాదం కింద పొద్దున్నే పొడిచినట్టుండే నొప్పి ఈ గ్రూపుల్లో రోజూ వినిపించే మాటలు.

ఇక్కడే రోజువారీ లెక్క పనికొస్తుంది. పాతికేళ్ల కుర్రాడు ఆదివారం 20 కిలోమీటర్లు పరిగెత్తి మంగళవారానికి మర్చిపోతాడు. అరవై ఐదేళ్ల వ్యక్తికి అదే పరుగు నుంచి కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఈలోపు మళ్లీ గట్టిగా పరిగెడితే చిన్న పట్టు కాస్తా నెలల తరబడి కూర్చోబెట్టే గాయం అవుతుంది. “మోకాలు కాస్త పట్టేసింది” అని సోమవారం రాసి, బుధవారం కూడా అదే రాస్తే, గురువారం గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతారు.. “సర్, మూడు రోజుల్నుంచి అదే మోకాలు కదా, ఈ వారం లాంగ్ రన్ మానేయండి” అని. తన నొప్పిని తాను తేలిగ్గా తీసుకునే మనిషికి, దాన్ని వరసగా చదివే నలుగురు ఉండటం పెద్ద తేడా. ఫిజియో దగ్గరికి వెళ్లినా ఎప్పుడు మొదలైంది అన్న ప్రశ్నకి సమాధానం ఫోన్‌లోనే ఉంటుంది.

పరిగెడితే మోకాళ్లు అరిగిపోతాయన్న మాట మన ఇళ్లల్లో గట్టిగా వినిపిస్తుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 1984 నుంచి యాభై దాటిన రన్నర్లని, పరిగెత్తని వాళ్లని ఏళ్ల తరబడి పోల్చి చూశారు. 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం 19 ఏళ్ల తర్వాత రన్నర్లలో 15 శాతం మంది చనిపోతే, పరిగెత్తని వాళ్లలో 34 శాతం మంది చనిపోయారు. రోజువారీ పనులు చేసుకోలేని స్థితి కూడా రన్నర్లకి చాలా ఆలస్యంగా వచ్చింది. మోకాళ్ల ఎక్స్‌రేల్లోనూ రన్నర్లకి అరుగుదల ఎక్కువేమీ కనిపించలేదు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. యాభై దాటాక కూడా పరిగెత్తగలిగిన వాళ్లు ముందే కాస్త ఆరోగ్యంగా ఉండి ఉంటారు. అందుకే ఈ అంకెలన్నీ పరుగు ఖాతాలోనే వేయలేం. అప్పటికే మోకాలి నొప్పి ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టడానికి ఈ స్టడీ లైసెన్స్ కూడా కాదు.

వాచ్ చెప్పేదంతా నిజం కాదు

మెసేజ్‌లో హార్ట్ రేట్ కూడా పెడతారు. గరిష్ఠ హార్ట్ రేట్ అంటే 220 నుంచి వయసు తీసేయడం అని అందరికీ తెలిసిన లెక్క. అరవై ఐదేళ్లకి 155 వస్తుంది. 2001లో వచ్చిన మరో లెక్క ఉంది. 208 నుంచి వయసులో 70 శాతం తీసేయాలి. అప్పుడు అదే మనిషికి దాదాపు 162 వస్తుంది. రెండూ సగటులే. మనిషికీ మనిషికీ పది బీట్లు అటూ ఇటూ ఉండటం మామూలే.

అసలు చిక్కు మందులతో. బీపీకి, గుండెకి వాడే బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. అవి వేసుకునే వ్యక్తి ప్రాణం పోయేంత ఆయాసపడుతున్నా వాచ్ మాత్రం “ఈజీ జోన్” అని చూపిస్తుంది. అందుకే పాత రన్నర్లు వాచ్ కన్నా నోటినే నమ్మమంటారు. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఈజీ. మాట మధ్యలో తెగుతుంటే స్పీడ్ తగ్గించాలి. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి, ఇంకొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లకి పరుగు మధ్యలోనో తర్వాతో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. నడుం బెల్ట్‌లో గ్లూకోజ్ ప్యాకెట్టో, బెల్లం ముక్కో ఉండటం అందుకే. వయసుతో దాహం తెలియడం కూడా తగ్గుతుంది కాబట్టి దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రాజమండ్రిలోనో పరిగెత్తేవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

కిలోమీటర్ల మధ్యలో జీవితం

మొదట్లో అందరూ అంకెలే పెడతారు. నెలలు గడిచేకొద్దీ వాటి పక్కన వేరే మాటలు చేరతాయి. కూతురి డెలివరీకి డల్లాస్ వెళ్తున్నాం, ఆరు నెలలు అక్కడే పరుగు. ఆవిడకి కేటరాక్ట్ ఆపరేషన్, ఈ వారం ఇంటి చుట్టూ వాకింగే. అన్నయ్య పోయారు, పదకొండు రోజులు రాను. తెలుగు రాష్ట్రాల్లో ఈ వయసు జంటల్లో చాలామంది పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, లేదా సముద్రం అవతలో ఉన్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పొద్దున్నే పలకరించే ఆఫీసు ఉండేది. రిటైరయ్యాక ఆ పలకరింపు ఎక్కణ్నుంచి వస్తుంది? ఐదింటికి గేటు దగ్గర ఎదురుచూసే నలుగురి నుంచి. వాళ్లకి ఈయన మాజీ మేనేజర్ కాదు, ఎవరి తాతా కాదు. “7 నిమిషాల పేస్‌లో వెళ్లే సర్”, అంతే.

దుఃఖంలో పరుగు పట్టుకున్న వాళ్లలో ప్రపంచానికి బాగా తెలిసిన పేరు ఫౌజా సింగ్. పంజాబ్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ ఆయన, భార్య, కొడుకు మరణాల తర్వాత ముసలితనంలో పరుగు మొదలుపెట్టారు. 2000లో లండన్ మారథాన్ పరిగెత్తేసరికి ఆయన వయసు 89. 2011లో వందేళ్ల వయసులో టొరంటో మారథాన్‌ని 8 గంటల 11 నిమిషాల్లో పూర్తిచేశారు. జనన ధ్రువీకరణ పత్రం లేదని గిన్నిస్ దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. 2025 జూలై 14న జలంధర్ దగ్గర సొంతూళ్లో రోడ్డు దాటుతుండగా కారు ఢీకొని 114 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

వేగం సంగతి కావాలంటే కెనడాకి చెందిన ఎడ్ విట్‌లాక్ ఉన్నారు. 2003లో 72 ఏళ్ల వయసులో మారథాన్‌ని 3 గంటల లోపు ముగించారు. డెబ్బై దాటాక అది సాధించిన తొలి మనిషి. ట్రైనింగ్ ఎక్కడా అంటే ఇంటి పక్కన శ్మశానంలో, గంటల తరబడి చుట్లు. 2024 లండన్ మారథాన్‌లో అమెరికా రన్నర్ జీనీ రైస్ 76 ఏళ్ల వయసులో 3 గంటల 33 నిమిషాల్లో పరిగెత్తారు. మన గ్రూపుల్లో వీళ్ల వీడియోలు తెగ ఫార్వర్డ్ అవుతుంటాయి. చూసి ఆనందించడం వరకు బాగానే ఉంటుంది. చిక్కు తర్వాత మొదలవుతుంది.

పోటీ పెరిగితే నిజం దాచేస్తారు

రోజూ పెట్టే అంకె మెల్లగా పరువు సమస్య అవుతుంది. “వంద రోజులు గ్యాప్ లేకుండా” లాంటి ఛాలెంజ్‌లు పెడతారు. స్ట్రావా లాంటి యాప్‌లో పక్కింటి సర్ ఈ వారం 50 కిలోమీటర్లు అని కనిపిస్తుంది. అప్పుడు జ్వరం వచ్చినా బయల్దేరతారు. ఛాతీలో బరువుగా అనిపించినా “గ్యాస్ అయ్యుంటుంది” అని రాయకుండా వదిలేస్తారు. నా దృష్టిలో ఈ గ్రూపులకి ఉన్న అతిపెద్ద ప్రమాదం ఇదే. కిలోమీటర్లకి చప్పట్లు కొట్టి, “ఈరోజు ఆపేశాను” అన్న మెసేజ్‌కి ఎవరూ బదులివ్వని గ్రూపులో మనుషులు త్వరలోనే నొప్పి సంగతి రాయడం మానేస్తారు.

భయపెట్టడం కాదు గానీ అంకెలు తెలియాలి. 2000 నుంచి 2010 మధ్యలో అమెరికాలో మారథాన్, హాఫ్ మారథాన్‌లలో పాల్గొన్న కోటీ 9 లక్షల మంది వివరాలని పరిశీలిస్తే 59 మందికి గుండె ఆగిపోయింది. వాళ్లలో 42 మంది చనిపోయారు. అంటే చాలా అరుదు. బాధితుల్లో మగవాళ్లే చాలా ఎక్కువ. బతికినవాళ్ల విషయంలో పక్కనున్నవాళ్లు వెంటనే సీపీఆర్ చేయడం కీలకమైంది.

పరుగులో ఛాతీ పట్టేయడం, ఎడమ చెయ్యికో దవడకో నొప్పి పాకడం, ఎప్పుడూ లేని ఆయాసం, కళ్లు బైర్లు కమ్మడం.. వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆగి కూర్చోవాలి, పక్కవాళ్లకి చెప్పాలి, 108కి కాల్ చేయాలి. ఇంటిదాకా మెల్లగా వెళ్దాం అనుకోవద్దు. ఆడవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండా వికారం, విపరీతమైన నీరసం రూపంలో కూడా రావచ్చు.

మెసేజ్ రాని రోజు

ఈ అలవాటు అసలు విలువ తెలిసేది మెసేజ్ రాని రోజే. రోజూ ఆరున్నరకి రాసే మనిషి ఏడున్నరైనా రాయలేదు. నెట్ అయిపోయి ఉండొచ్చు, నిద్రపట్టి ఉండొచ్చు, బాత్రూంలో జారిపడి కూడా ఉండొచ్చు. అమెరికాలో ఉన్న కొడుక్కి అప్పుడు సాయంత్రమో, రాత్రో, తన పనిలో ఉంటాడు. రెండు వీధుల అవతల ఉన్న తోటి రన్నర్‌కి మాత్రం వెంటనే అనుమానం వస్తుంది.

అయితే గ్రూపులో వంద మంది ఉంటే ఎవరో ఒకరు చూస్తార్లే అని అందరూ ఊరుకుంటారు. అందుకే జోడీలు పెట్టుకోవడం మంచిది. ఇద్దరిద్దరు ఒకరికొకరు. ఫలానా టైమ్‌లోపు మెసేజ్ రాకపోతే ఫోన్, ఎత్తకపోతే పక్కింటివాళ్లకి ఫోన్, అప్పటికీ తెలియకపోతే మనిషి వెళ్లడం. పక్క ఫ్లాట్ నంబర్, ఇంటి తాళం ఇంకొకటి ఎవరి దగ్గరుందో జోడీకి తెలిసుండాలి. ఊరికి వెళ్తుంటే ముందే చెప్పాలి, లేకపోతే నలుగురూ వచ్చి తలుపు కొడతారు.

లొకేషన్ విషయంలో మాత్రం జాగ్రత్త. రోజూ ఏ టైమ్‌కి ఇల్లు ఖాళీగా ఉంటుందో, ఏ దారిలో వెళ్తారో పబ్లిక్‌గా పెడితే రన్నర్లు కానివాళ్లు కూడా చదువుతారు. యాప్ సెట్టింగ్స్‌లో ఇంటి దగ్గర మొదలయ్యే, ముగిసే భాగాన్ని దాచే ఆప్షన్ ఉంటుంది. అమ్మానాన్నల ఫోన్‌లో అది ఆన్ చేసివ్వడం పిల్లల పని.

ఇంట్లో ఎవరైనా మొదలుపెడుతుంటే

ముందు డాక్టర్. షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినా పరీక్షలు చేయించుకున్నాకే షూ కొనాలి. తర్వాత నడక, మధ్యమధ్యలో నిమిషం నిమిషం జాగింగ్. వారంలో రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివైనా సరే. రోడ్డు మీదైతే ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించే వైపు పరిగెత్తాలి, తెల్లవారకముందు మెరిసే జాకెట్ వేసుకోవాలి, చెవుల్లో పాటలు పెట్టుకోకూడదు.

రోజూ రాసేది ఎక్కువేం అక్కర్లేదు. ఎంత దూరం, ఎలా అనిపించింది, ఎక్కడైనా నొప్పి ఉందా, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు. మందు మారితే అది కూడా. రేసుకి వెళ్తే ఛాతీకి పెట్టుకునే నంబర్ కాగితం, అదే బిబ్, వెనక్కి తిప్పి చూడండి. చాలా రేసుల్లో అక్కడ ఖాళీ గళ్లు ఉంటాయి.. పేరు, బ్లడ్ గ్రూప్, వాడే మందులు, అత్యవసరమైతే కాల్ చేయాల్సిన నంబర్. పెన్ను పట్టుకుని అవి నింపాకే పిన్నులు పెట్టుకోండి. నంబర్ దగ్గర ఆ రోజు ఊళ్లో ఉండే మనిషిది రాయండి, న్యూజెర్సీలో నిద్రపోతున్న అబ్బాయిది కాదు.