యాక్సిలరేటరు సాక్ష్యము

శంషాబాదు విమానాశ్రయపు మలుపు దాటి బెంగుళూరు రహదారిపై దక్షిణముగా సాగిపోవువానికి, కొత్తూరు చేరువగుకొలదియు మందుల కర్మాగారములును, గిడ్డంగులును, వానికి సరుకు తెచ్చు లారీల బారులును, ఆ రాకపోకలను నమ్ముకొని బ్రతుకు మెకానిక్ షెడ్లును కానవచ్చును. ఈ షెడ్లకు నేడు వచ్చు కార్ల ఫిర్యాదులలో ఒకటి మిక్కిలి చిత్రమైనది. కాలు ఎంత అదిమినను బండి రేస్ అందుకొనదు. చెక్ లైటు వెలుగుచుండును. ఇంజను ఆగిపోదు గాని, మెల్లగా ప్రాకుటకు మించి దేనికిని ఒప్పుకొనదు. స్కానరు తగిలించిన వెంటనే యాక్సిలరేటరు సెన్సారు పేరు తెరపై కనబడును; కొత్తది బిగించి డబ్బు పుచ్చుకొనుట సులభము. కాని స్కానరు చెప్పినది అభియోగమే గాని తీర్పు కాదు. ఈ భేదము గ్రహింపవలెనన్న, ఆ సెన్సారు పుట్టుపూర్వోత్తరములను కొంత యెరుగుట అవసరము.

అంబాసిడరు కారు మన రోడ్లపై రాజ్యమేలిన కాలమున డ్రైవరు పాదమునకును కార్బురేటరునకును నడుమ లోహపు సంబంధమే తప్ప వేరొండు లేదు. పాదము కదలిన, కడ్డీ కదలెను. కడ్డీ కదలిన, గాలిని అడ్డగించు పలక తెరచుకొనెను. నేటి కారులో ఆ సంబంధము పూర్తిగా తెగిపోయినది. పాదము ఎంత దిగినదో పెడలువద్ద నుండు సెన్సారు వోల్టుల రూపమున కంప్యూటరునకు విన్నవించును. కంప్యూటరు ఆలోచించి, థ్రాటిల్ బాడీలోని చిన్న మోటారుచేత పలకను త్రిప్పించును. పలక నిజముగా తిరిగినదో లేదో అచ్చటనున్న మరియొక సెన్సారు తిరిగి చెప్పును.

స్థానమును వోల్టుగా మార్చు ఈ విద్య కారుకంటె చాల ప్రాచీనమైనది. 1841లో జర్మను శాస్త్రజ్ఞుడు యోహాన్ క్రిస్టియాన్ పోగెన్‌డార్ఫ్, బ్యాటరీ బలమును దానినుండి విద్యుత్తును లాగకయే కొలుచు ఉపాయమును వెల్లడించెను. తెలిసిన వోల్టేజిని ఒక నిరోధకము పొడవునను పరచి, దానిపై జారు స్పర్శను, తెలియని బ్యాటరీతో సరిదూగు చోట నిలిపినచో, ఆ చోటే కొలతయగును. పోగెన్‌డార్ఫ్ స్థానమును చూచి వోల్టును తెలిసికొనెను. కారులోని సెన్సారు వోల్టును చూచి స్థానమును తెలిసికొనుచున్నది. సూత్రమొక్కటే, ప్రశ్న తలక్రిందులైనది.

పొటెన్షియోమీటరు అనబడు ఈ సాధనము మన యిండ్లకు రేడియోలోని వాల్యూము మర రూపమున ఏనాడో వచ్చినది. పాత రేడియోలో ఆ మరను త్రిప్పునప్పుడు ఒకానొక చోట గరగర వినబడుట, ఆ చోటు దాటగానే శబ్దము తేటపడుట పెద్దలకు అనుభవమే. కర్బనపు పట్టీ ఆ చోట అరిగిపోయి, దానిపై జారు స్పర్శ క్షణకాలము ఎడమగుటయే అందులకు హేతువు. కారు పెడలులోను జరుగునది సరిగా ఇదియే. అచ్చట గరగరకు బదులు బండి కుదుపు. మరియు ఔటర్ రింగు రోడ్డుపై ప్రతిదినము ఒకే వేగమున సాగు టాక్సీలో పాదము ఎచ్చట నిలకడగా నుండునో, పట్టీ అచ్చటనే ముందుగా అరుగును.

ఇక కార్ల సంగతికి వచ్చిన, 1967లో బాష్ సంస్థ వారి ఎలక్ట్రానిక్ ఇంధన విధానము వోక్స్‌వాగన్ కారులో వెలసినపుడు, థ్రాటిల్ స్థితిని తెలుపుటకు ఒక స్విచ్చి మాత్రముండెను. రెండు దశాబ్దముల పిమ్మట, 1987లో, బి.ఎం.డబ్ల్యు. వారు తమ 750 కారులో పెడలునకును థ్రాటిల్‌నకును నడుమ లోహబంధమును తొలగించిరి. ఆ యేటనే, ఫిబ్రవరిలో, ఎయిర్‌బస్ ఏ 320 విమానము తొలిసారి గాలిలోనికి లేచెను. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము తెరచినది మొదలు కొత్తూరు ప్రాంతమువారు తలయెత్తి చూచు విమానములలో ఆ జాతివి అనేకము. ఆ విమానమున పైలటు చేతిలోని లివరు ఇంజనునకు ఏ లోహబంధముతోను ముడిపడి యుండదు. లివరు కోణమును రెండు వేర్వేరు సెన్సార్లు కొలిచి, ఇంజను కంప్యూటరులోని రెండు చానళ్ళకు చెరియొకటిగా నివేదించును. ఆకసమున పోవు యంత్రమునకు అవశ్యమని తలచిన ఆ జాగరూకత నేడు సామాన్యుని కారు పెడలులోనికిని దిగివచ్చినది. యంత్రనిర్మాతల ఈ వినయమును నేను మనసార మెచ్చుకొందును.

మన దేశమున లోహబంధమును తొలగించు ఈ మార్పునకు ప్రేరణ వాయుకాలుష్య నియమములే. 2010 ఏప్రిల్ 1న హైదరాబాదుతో గూడ పదమూడు నగరములలో భారత్ స్టేజ్ నాలుగు నియమములు అమలు కాగా, 2017లో అవి దేశమంతట వ్యాపించెను. 2020లో ఆరవ స్టేజి వచ్చెను. పొగను అంతటి నిక్కచ్చిగా అదుపు చేయవలెనన్న, గాలి పలకను పాదమునకే వదలివేయుట కుదరదు.

పెడలులో పట్టీ ఒకటి గాక రెండుండును. కంప్యూటరు వానికి అయిదు వోల్టులనిచ్చును. పెక్కు కార్లలో మొదటి పట్టీ చెప్పునది రెండవదానికి రెట్టింపుగా నుండునట్లు అమర్తురు: మొదటిది ఒకటిన్నర వోల్టు చెప్పినపుడు రెండవది ముప్పాతిక వోల్టు చెప్పవలెను. ఈ నిష్పత్తి చెడినచో కంప్యూటరు ఎవరి మాటయు నమ్మక, ఇంజనును కనిష్ఠ వేగమునకు బంధించి, పి 2138 అను సంకేతమును వ్రాసికొనును. ఆ సంకేతమునకు అర్థము రెండు మాటలు పొసగలేదనుటయే. ఎవరు అబద్ధమాడిరో అందులేదు.

షెడ్డులోని కుర్రవాడు తెర చూచి, “సెన్సార్ పోయింది ఉస్తాద్, కొత్తది తెప్పిద్దమా?” అనును. అనుభవశాలియైన ఉస్తాదు చెప్పునది వేరు: “ముందుగాల ఎర్త్ చూడు బేటా.” ఈ చిన్న మాటలో పరీక్షాక్రమమంతయు ఇమిడియున్నది. తీగలను సెన్సారునకు కలుపు కప్లరు వెనుక మీటరు ముల్లు గ్రుచ్చి అయిదు వోల్టులు వచ్చుచున్నవో లేవో, ఎర్తు తీగలో కొలది మిల్లీవోల్టులకు మించి మిగిలియున్నదో యేమో చూడవలెను. ఎర్తు చెడినచో నిర్దోషియైన సెన్సారు కూడ ఎక్కువ వోల్టులు చెప్పును. అయిదు వోల్టుల తీగ ఎలుక కొరికి తెగినచో ఏమియు చెప్పజాలదు. వానకాలమున కప్లరులో నీరు చేరి పిన్ను పచ్చబారుట మరింత సామాన్యము. ఇవన్నియు సరిగానున్నపుడే పెడలును మెల్లమెల్లగా అదుముచు సంకేతపు తీగను కొలువవలెను; వోల్టు ఎచ్చటను తొట్రుపడక ఎక్కవలెను. ఇచ్చట ఒక మెలకువ గలదు: సెకనునకు రెండు మూడు మారులు మాత్రమే అంకెలు మార్చు డిజిటల్ మీటరు క్షణమాత్రపు లోపమును దాటవేయును, పాతకాలపు సూది మీటరు ఆ చోట వణకి దానిని పట్టియిచ్చును. స్కానరు గీయు గ్రాఫును అందులకు ఉపకరించును.

కొన్ని లోపములు ఏ మీటరు నిలువదీసినను దొరకనివి. అమెరికాలో టయోటా కార్లు తమంతట తామే వేగము పుంజుకొనుచున్నవని అలజడి చెలరేగినపుడు ఆ పరిశోధన నాసా ఇంజనీర్లకు అప్పగింపబడెను. 2011 ఫిబ్రవరిలో వెలువడిన నివేదిక, ఎలక్ట్రానిక్ లోపమువలననే కార్లు అట్లు దూకినవనుటకు ఆధారము దొరకలేదని చెప్పెను. కాని పొటెన్షియోమీటరు రకపు పెడళ్ళను విప్పి చూచిన ఇంజనీర్లకు, వానిలో కొన్నిట తగరపు వెండ్రుకలు మొలచియుండుట కనబడెను. తగరపు పూతనుండి, ఎవరును పెంచకయే, తలవెండ్రుక కంటెను సన్నని లోహతంతువులు పెరుగుట ఎలక్ట్రానిక్ నిపుణులకు చిరకాలముగా తెలిసిన సంగతి. అట్టి తంతువు ప్రక్క ప్రక్క తీగలను కలిపినచో రెండు సాక్ష్యములును ఒకదానికొకటి అంటుకొని కలుషితమగును. పట్టీలు రెండైనంత మాత్రమున చాలదని, వాని నడుమ ఎడము కూడ ముఖ్యమని దీనివలన తేలుచున్నది.

అరుగుదల బాధను తప్పించుటకు ఇటీవలి పెడళ్ళలో కర్బనపు పట్టీ స్థానమున అయస్కాంతము వచ్చినది. 1879లో బాల్టిమోరునందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నుండిన ఎడ్విన్ హాల్, విద్యుత్తు ప్రవహించు సన్నని బంగారు రేకును అయస్కాంతక్షేత్రమున నుంచినచో రేకుకు అడ్డముగా స్వల్పమగు వోల్టేజి పుట్టుటను కనుగొనెను. ఆ సూత్రముపై పనిచేయు పెడలు సెన్సారులో రాపిడి లేదు గావున అరుగుదలయు లేదు. అయితే దీనిని ఓమ్ మీటరుతో పరీక్షింపరాదు. లోపల పట్టీయే లేనిచోట ఓములను కొలిచి ప్రయోజనమేమి? కరెంటునిచ్చి, వోల్టులనే చూడవలెను. ఇక పెడలు నుండి థ్రాటిల్ బాడీకి వచ్చిన, దానిని శుభ్రపరచునపుడు ఇగ్నిషన్ వేసియుండగా పలక సందున వ్రేలు పెట్టరాదు, మోటారు ఒక్క ఊపున దానిని మూసివేయగలదు. శుభ్రపరచిన పిదప పెక్కు కార్లలో పలక మూతపడు స్థానమును స్కానరుద్వారా కంప్యూటరునకు మరల నేర్పవలెను. అది మరచినచో ఐడిల్ నిలువదు, బాగుగానున్న సెన్సారుపై మరల అభియోగము వచ్చును.