బొమ్మరైలుకు పట్టాలు ఇరుకు

జెద్దా నగరపు పాతపేట బలద్‌లో కుమారునికి నమూనా రైలు కొన్న తెలుగు తండ్రి దానికి గోదావరి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టవచ్చు. పట్టాలు మాత్రం అందుకు ఒప్పుకోవు. ఈ చిక్కు ఐర్లండు నమూనా రైళ్ల అభిమానులకు చిరపరిచితం.

1846 నాటి చట్టం ప్రకారం ఐర్లండులో పట్టాల నడుమ ఎడం 5 అడుగుల 3 అంగుళాలు. బ్రిటన్, ఐర్లండులలోని నమూనాలలో అడుగుకు 4 మిల్లీమీటర్ల కొలత ప్రసిద్ధం. ఆ లెక్కన ఎడం 21 మిల్లీమీటర్లు కావాలి. అంగడిలో సులభంగా దొరికేది 16.5. అనగా అసలు రైలును పదమూడున్నర అంగుళాలు ఇరుకైన దారిపై నడిపినట్లే! తొలినాటి మోటార్లు చిన్న ఇంజన్లలో పట్టక, పట్టాలను అలాగే ఉంచి బండిని మాత్రమే పెద్దది చేయడం వల్ల వచ్చిన తంటా ఇది. పక్కనుంచి చూస్తే లోపం కనబడదు; ఎదుట నిలిచి చూస్తే విశాలమైన పెట్టె కింద చక్రాలు ముడుచుకొని కనిపిస్తాయి. చాలామంది సర్దుకుపోతారు. పట్టుదల గలవారు 21 మిల్లీమీటర్ల పట్టాలు స్వయంగా పరచి, ఇరుసులు మార్చుకుంటారు. ఆ ఓపిక మెచ్చదగినదే.

1874లో సికింద్రాబాదు చేరిన నిజాం రైలుమార్గం ఎడం 5 అడుగుల 6 అంగుళాలు. దాని నమూనాకు ఇదే కొలతలో 22 మిల్లీమీటర్లు కావాలి. 2018 నుండి జెద్దా మీదుగా నడుస్తున్న హరమైన్ రైలు దారి 1435 మిల్లీమీటర్లు. దానిని 87వ వంతుకు తగ్గిస్తే సరిగా 16.5!