పెరటిలో నేలసంపెంగ : దుంపల ఎన్నిక, పెంపకము

తొలకరి సమీపించిన కొలది మన సంఘ సభ్యులలో పలువురు పెరటిలో పూలమొక్కలు నాటుటకు ఉత్సాహపడుదురు. మల్లెను గూర్చి, చామంతిని గూర్చి సలహా అడుగువారు అరుదు. నేలసంపెంగను గూర్చి మాత్రము ఒక ప్రశ్న తరచుగా వచ్చుచుండును: దుంపలు కొని నాటితిమి, ఆకు ఏపుగా పెరిగినది, ఏడాది గడచినను పూకాడ లేదు, కారణమేమి? ఈ చిక్కు మాకును అనుభవములో నున్నదే గావున కొంత విపులముగా వ్రాయుచున్నాము.

బజారులో లిల్లీ పూలని తూకమునకు అమ్మెడివి ఈ నేలసంపెంగలే. నిజమునకు ఇది లిల్లీయు కాదు, సంపెంగయు కాదు. దీని పుట్టినిల్లు మెక్సికో దేశము. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని కిత్తనార చేరిన ప్రజాతిలోనికి మార్చిరి. గట్టున ముండ్లతో నిలుచు కిత్తనారకును ఈ పరిమళమునకును చుట్టరికమన్న నమ్మబుద్ధి కాదు గాని, ఒక్క విషయమున పోలిక స్పష్టము. కిత్తనార జీవితమున ఒక్కసారియే పూచి నశించును. నేలసంపెంగ దుంపయు అంతియే. ఒకసారి పూచిన తల్లిదుంప మరల పూయదు. దాని చుట్టు పుట్టిన పిల్లదుంపలు ఎదిగి తమ వంతున పూచును. కొనువాడు మొట్టమొదట తెలిసికొనవలసినది ఇదియే.

కొన్నియేండ్ల క్రిందట మేము ఒక వర్తకునివద్ద పిడికెడేసి దుంపలను చూచి ముచ్చటపడి, అడిగిన వెల ఇచ్చి తెచ్చితిమి. అవి పూచి ముగిసిన తల్లిదుంపలు. నడుమ ఎండిన పూకాడ మోడు కనబడుచునే యున్నను దాని అర్థము మాకు తెలియలేదు, అతడును చెప్పలేదు. ఆ యేడు ప్రక్కనున్న పిల్లలు ఆకులు వేసినవి, అంతే. వాననీరు నిలుచు మూలలో నాటుట మాత్రము కేవలము మా తప్పు. శ్రావణము ముగియులోపల సగము కుళ్లిపోయినవి.

కావున దుంపను చేతబట్టి చూడక కొనరాదు. కదురువలె నడుమ లావై, కొన సన్నగిలి, ముప్పాతిక అంగుళము మొదలు అంగుళమువరకు మందము గలది మేలు. నొక్కిన గట్టిగా నుండవలెను. నడుమ పాతకాడ మోడున్నదానిని, మెత్తబడినదానిని, బూజు పట్టినదానిని విడువవలెను. గోటియంత దుంపలు చౌకగా దొరకును గాని అవి తొలియేడు ఆకుతోనే సరిపెట్టును. అప్పుడే త్రవ్విన దుంపలైనచో నీడను పలుచగా పరచి, నాలుగైదు దినముల కొకసారి త్రిప్పుచు, నెలదినములు ఆరనిచ్చిన పిమ్మట నాటవలెను. ఈ విశ్రాంతిని చాలమంది వృథాకాలక్షేపమని తలతురు, మేమట్లు తలపము.

రకములలో రేకపువ్వు, ముద్దపువ్వు అని రెండు తెగలు. పరిమళము రేకపువ్వునకే అధికము; దండలకును, పూజకును, అత్తరు తీయుటకును ఇదియే తగును. ముద్దపువ్వు కాడతో కోసి కూజాలో నుంచుటకు అందముగా నుండును. బెంగుళూరు సమీపమున హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు రేకపువ్వులో శృంగార్, ప్రజ్వల్ అనువానిని, ముద్దపువ్వులో సువాసిని, వైభవ్ అనువానిని రూపొందించిరి. ప్రజ్వల్ మొగ్గకు లేత గులాబిచాయ యుండి, విచ్చిన పిదప తెల్లనగును. శృంగార్ వేరుబుడుపు నులిపురుగును తట్టుకొనునది గావున, వంగ, టమాట వేసి ఆ పురుగు అంటిన పెరళ్లకు మేము దీనినే చెప్పుదుము.

ఎండ బాగుగా తగులుచోటు చూడవలెను. చెట్టునీడను ఆకే గాని పూవుండదు. నేల గుల్లగా నుండవలెను; నల్లరేగడియైనచో ఇసుకయు పశువుల ఎరువును కలిపి జానెడెత్తు మడిగా పోయుట తప్పనిసరి. చదరపు మీటరునకు రెండు రెండున్నర కిలోల చివికిన ఎరువును, నూరు గ్రాముల వేపపిండిని కలిపి, దుంపకు దుంపకు 20 సెంటీమీటర్ల ఎడముంచి, రెండంగుళముల లోతున, మొన పైకుండునట్లు నాటవలెను. మొలక కనబడువరకు నీరు మితముగా పెట్టవలెను. తరువాత వానలు లేనపుడు వారమున కొకతడి చాలును. యూరియా అతిగా వేసినవారి మడిలో గడ్డివలె ఆకు పెరిగి కాడలు వాలిపోవుట చూచితిమి.

మూడు మూడున్నర నెలలకు కాడ వచ్చును. దండపూలకు విచ్చనున్న మొగ్గలను తెల్లవారకమునుపే కోయవలెను. కాడగా వలసినచో అడుగున ఒకటి రెండు పూలు విచ్చినపుడు ఆకులకు దెబ్బతగులకుండ కోయవలెను. ఆ ఆకులే పిల్లదుంపలకు ఆహారము కూర్చునవి. మొగ్గలపై గోధుమరంగు చారలు కనబడిన తామరపురుగని గ్రహించి, వేపనూనె నీళ్లు చల్లవచ్చును. మొదలు మెత్తబడి తెల్లని బూజు, ఆవగింజలవంటి గుండ్లు కనబడినచో ఆ మొక్కను మట్టితో గూడ తీసివేయుటయే మార్గము. మందుకై తిరుగుచుండగా ప్రక్కదియు పోవును.

రెండు మూడేండ్లకు మడి దుంపలతో క్రిక్కిరిసి కాడలు కురుచయగును. ఆకు పండుబారినపుడు త్రవ్వి, వేరొకచోట నాటవలెను. పాతమడిలో ఒక కారు బంతి వేసినచో నులిపురుగు తగ్గును.

అట్లు త్రవ్వినపుడు ఇంటికి వలసినదానికంటె ఎన్నియో రెట్లు దుంపలు మిగులును. వర్తకునివద్ద పోగొట్టుకొనుటకంటె వీనిని సభ్యులు తమలో తాము మార్చుకొనుట మేలుగదా! తెచ్చువారు పూచిన తల్లిదుంపలను ఏరివేసి, మిగిలినవానిని ఆరబెట్టి, రకము పేరును త్రవ్విన తేదియును చీటిపై వ్రాసి సంచికి కట్టి తేవలెను. పేరు తెలియనిచో తెలియదనియే వ్రాయవలెను.