చిన్న ట్రాక్టరు: క్లచ్ మార్చిన పిమ్మట కూర్పు

యంత్రాన్ని విప్పడం సులభం. విప్పినదానిని తిరిగి యథాస్థానంలో కూర్చడం కష్టం. ట్రాక్టరు క్లచ్ మార్చే సందర్భంలో ఈ సంగతి మిక్కిలి స్పష్టంగా తెలుస్తుంది. సేద్యపు కుటుంబాల నుండి వచ్చిన మన విద్యార్థులు ఆ కూర్పులోని క్రమాన్నీ, దాని వెనుక గల కారణాలనూ గ్రహించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆమడగూరు ప్రాంతం 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇక్కడి మెట్ట రైతుకు వేరుశనగే ప్రధానాధారం. జూన్, జూలై నెలలలో ఒక మంచి వాన కురిస్తే నేలలో పదును నిలిచేది కొద్ది రోజులే. అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు అని పెద్దలు ఊరక అనలేదు. ఆ రోజులలో క్లచ్ చెడి ట్రాక్టరు నిలిచిపోతే ఆ ఒక్క రైతుకే గాక, దానిని బాడుగకు పిలుచుకొనే చుట్టుపట్ల రైతులకు కూడా విత్తు ఆలస్యమవుతుంది. అందువలన తొందర సహజం. కాని కూర్పులో తొందరపడితే కొత్త ప్లేటు పాడై, పని మళ్ళీ మొదటికి వస్తుంది.

ముందుగా క్లచ్ అంటే ఏమిటో చూద్దాం. ఇంజను వెనుక బరువైన చక్రం ఒకటి నిరంతరం తిరుగుతుంటుంది. అదే ఫ్లైవీల్. దానికి ఆనుకొని రాపిడి పూత గల క్లచ్ ప్లేటు, దాని వెనుక స్ప్రింగుల బలంతో అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు ఉంటాయి. క్లచ్ ప్లేటు నడిమి రంధ్రంలోని పళ్ళు గేర్ బాక్సు షాఫ్టు పళ్ళలో ఇమిడి ఉంటాయి. పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగు ముందుకు జరిగి ప్రెషర్ ప్లేటు పట్టును సడలిస్తుంది. అప్పుడు ఇంజను తిరుగుతున్నా గేర్ బాక్సుకు శక్తి అందదు.

సాధారణంగా ట్రాక్టరుకు కారు వలె వేరే చట్రం ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగు, గేర్ బాక్సు ఒకదానికొకటి బిగిసి, అవే దాని వెన్నెముక అవుతాయి. 15 అశ్వశక్తి గల మహీంద్రా యువరాజ్ వంటి చిన్న ట్రాక్టరుకైనా, 50 అశ్వశక్తి గల పెద్దదానికైనా క్లచ్‌ను చేరడానికి మార్గం ఒక్కటే: బండిని నడిమికి రెండుగా విడదీయాలి. చిన్నదానిలో బరువు తక్కువే గాని చేయి పట్టే చోటు కూడా తక్కువే.

కూర్పు శుభ్రతతో మొదలవుతుంది. పాత ప్లేట్ల పూతలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి గాలితో ఊదక తడిగుడ్డతో తుడవాలి. ఇంజను వెనుక సీలు నుండి నూనె కారుతున్నదేమో చూడాలి. కారే సీలును వదిలివేస్తే కొత్త ప్లేటు సైతం నూనె తడిసి జారిపోతుంది. ఫ్లైవీల్ నడుమ ఉండే చిన్న పైలట్ బేరింగునూ, రిలీజ్ బేరింగునూ ఇప్పుడే మార్చడం వివేకం. వాటి వెల స్వల్పం. వాటి కోసం మళ్ళీ బండిని విడదీసే శ్రమ అధికం.

క్లచ్ ప్లేటుకు ముందు, వెనుక అనే భేదం ఉంది. తిరగవేస్తే క్లచ్ పనిచేయదు కాబట్టి ప్లేటుపై గల గుర్తును చూసి అమర్చాలి. దాని నడిమి రంధ్రం గుండా పైలట్ బేరింగు వరకు ఒక అమరిక కడ్డీని దూర్చి, ప్లేటును సరిగా మధ్యకు తేవాలి. పిమ్మట ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ఒకే వైపు బిగిస్తే ప్లేటు వంగుతుంది. వెనుక నుండి వేరే యంత్రాలను నడిపే షాఫ్టుకు ప్రత్యేక క్లచ్ గల ట్రాక్టరైతే రెండు ప్లేట్లనూ ఇట్లే మధ్యకు తేవాలి. షాఫ్టు పళ్ళకు గ్రీజు పలుచగా మాత్రమే పూయాలి. ఎక్కువైతే అది ఎగిరి పూతపై పడుతుంది.

ఇక అసలు ఘట్టం రెండు భాగాలను కలపడం. ముందు ఇరుసు నడుమ కీలుపై ఊగుతుంది కాబట్టి ఇంజను భాగం పక్కకు ఒరగకుండా ఇరుసుకు ఇరువైపులా కొయ్య చెక్కలు బిగించాలి. ఒక భాగాన్ని గట్టి ఆధారంపై నిలిపి, రెండవదానిని చక్రాల జాకీపై మెల్లగా దగ్గరకు తేవాలి. తల కోసిన రెండు పొడవాటి బోల్టులను ఇరుపక్కలా దూర్చితే అవి దారి చూపుతాయి. రెండు ముఖాల నడిమి సందు పైన, కింద, కుడి, ఎడమ సమంగా ఉన్నదా అని అడుగడుగునా కొలవాలి. కొంత దూరంలో కూర్పు ఆగిపోతే షాఫ్టు పళ్ళు ప్లేటు పళ్ళకు ఎదురుగా నిలిచాయన్నమాట. అప్పుడు ఇంజను ముందరి కప్పీ నట్టుకు పానా వేసి చేతితో రవ్వంత తిప్పితే పళ్ళు ఒకదానిలో ఒకటి ఇమిడి, భాగం తనంతట జరుగుతుంది.

ఇక్కడే పెక్కుమంది పొరపడతారు. మిగిలిన అరంగుళం సందును బోల్టులు బిగించి లాగాలని చూస్తారు. బోల్టు పని పట్టి ఉంచడమే గాని లాగడం కాదు. అట్లా లాగితే ప్లేటు వంగవచ్చు, హౌసింగు చెవి పగలవచ్చు. ముఖాలు రెండూ చేతి నెట్టుడుతోనే కలిసిన తరువాతనే బోల్టు బిగించాలి.

పిమ్మట విప్పినప్పటి క్రమానికి వ్యతిరేక క్రమంలో స్టీరింగు కడ్డీ, డీజిల్, హైడ్రాలిక్ గొట్టాలు, స్టార్టరు, తీగలు కలపాలి. బ్యాటరీ నెగటివ్ తీగ అన్నిటికన్నా చివరిది. తీసిన నూనెను తిరిగి నింపాలి. డీజిల్ గొట్టాలలోని గాలిని తీసివేయాలి. పెడల్‌కు తయారీదారు పుస్తకంలో చెప్పినంత ఖాళీ కదలిక ఉంచాలి. అది లేకుంటే బేరింగు ఎల్లవేళలా ఒరుసుకొని క్లచ్ జారుతుంది. అధికమైతే గేర్లు అరుస్తాయి. బండిని మొదట న్యూట్రల్‌లో నడిపి, పెడల్ తొక్కి గేరు మార్చి, ఖాళీ స్థలంలో పరీక్షించిన పిమ్మటనే పొలానికి పంపాలి. పెడల్‌పై ఎల్లప్పుడూ కాలు ఆన్చి నడిపే అలవాటు మాత్రం ఎంత మంచి కూర్పునైనా చెరుపుతుంది.

ఇట్టి శిక్షణ మనకు దూరాన లేదు. అనంతపురం సమీపాన గార్లదిన్నెలో 1983లో నెలకొన్న కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మన పట్టణాల షెడ్లలో ఉస్తాదుల వద్ద ఏళ్ళ తరబడి నేర్చినవారూ ఉన్నారు. మరమ్మతు అనే మాట అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా వచ్చి, తెలుగు రైతు నోట స్థిరపడింది. మాట మన రెండు భాషలకూ ఉమ్మడి. విద్య కూడా ఉమ్మడిదే. విద్యార్థులు సెలవులలో ఒక వారం అట్టి ఉస్తాదు పక్కన నిలిచి చూస్తే, విత్తే వేళ ఊరికి అక్కరకు వచ్చేవారవుతారు.