పెట్టె మీది అంకె చదవండి

పరిగిలో ఒక తల్లి ఉందనుకోండి. ఆమె బిడ్డ కొలువుకు అర్జీ పెట్టింది. ఇంటర్వ్యూ ల్యాప్‌టాప్‌లోనే జరుగుతుంది. అడిగేవాళ్లకు బిడ్డ ముఖం కనబడాలె. ఆ ల్యాప్‌టాప్‌కేమో కెమెరా లేదు. ఏం చేయాలె?

కొత్త ల్యాప్‌టాప్ కొనే పని లేదు. కెమెరా విడిగా దొరుకుతుంది. దాన్నే వెబ్‌క్యామ్ అంటారు. దాని వైరును ల్యాప్‌టాప్ పక్కనుండే యు.ఎస్.బి. పోర్టులో పెడితే చాలు.

ఇట్లాంటి కెమెరాను 1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పెట్టారు. ఎందుకో తెలుసా? కూజాలో కాఫీ ఉందో లేదో కూర్చున్న చోటినుంచే చూడటానికి!

దుకాణంలో పెట్టె మీద అంకెలుంటాయి. 720 అని, 1080 అని రాసి ఉంటుంది. మాట్లాడుకోవడానికి 720 సరిపోతుంది. 1080లో బొమ్మ ఇంకా తేటగా ఉంటుంది. అయితే అంకె ఒక్కటే చూసి మోసపోవద్దు. అంకె పెద్దగా ఉన్నా బొమ్మ మసకగా ఉండొచ్చు. అందుకే ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకుపోవాలె. అక్కడే పెట్టించి ముఖం చూసుకోవాలె. మైకు ఉందా అని అడగాలె. బిల్లు, వారంటీ కాగితం తీసుకోవాలె.

ఇంట్లో వెలుగు ముఖం మీద పడేటట్టు కూర్చోవాలి. కిటికీ వెనక ఉంటే ముఖం నల్లగా కనబడుతుంది. ఎంత ఖరీదైన కెమెరా అయినా అంతే.

పని అయినాక వైరు తీసేయాలి. అప్పుడు దొంగచాటుగా ఆ కెమెరాలోంచి ఎవరూ చూడలేరు.

ఆ తల్లి అంకె చదివింది. బొమ్మ చూసింది. తర్వాతనే పైసలు ఇచ్చింది. మీరూ అట్లనే చేయండి.