ఇంజను 'టక్ టక్' కొడుతోందా? నీళ్లు పట్టించకండి

పెట్రోలుతో స్టార్టు చేసి కిరోసిన్‌తో నడిపే చిన్న పంపుసెట్లున్న రైతులకు ఈ చప్పుడు తెలిసిందే. ఎండ ముదిరి, లోడు పడగానే సుత్తితో కొట్టినట్టు హెడ్డులోంచి 'టక్ టక్' మంటుంది. దీన్నే నాకింగ్ అంటారు. 'కార్బొరేటరులోకి కాసిని నీళ్లు పట్టించు, చల్లబడుద్ది' అని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ పద్ధతి తెలియకుండా చేస్తే ఇంజను షెడ్డుకు చేరడం ఖాయం.

చప్పుడు ఎందుకొస్తుంది?

ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట చివరిదాకా పాకే లోపే, మిగిలిన ఇంధనం వేడికి తనంతట తానే భగ్గుమంటుంది. ఆ దెబ్బ పిస్టను మీద పడుతుంది. పెట్రోలు కంటే కిరోసిన్‌కు ఈ గుణం ఎక్కువ. చప్పుడు వస్తున్నా అలాగే నడిపితే రింగులు విరుగుతాయి, పిస్టను తల దెబ్బ తింటుంది.

నీళ్ల సంగతేమిటి?

నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని బాగా లాగేస్తుంది. చన్నీళ్లు మరిగేదాకా కాయడానికి పట్టే వేడి కంటే, ఆ నీళ్లు పూర్తిగా ఆవిరి కావడానికి ఐదు రెట్లకు పైగా కావాలి. అందుకే అమెరికాలో 1910 నుంచి వచ్చిన రమ్లీ 'ఆయిల్‌పుల్' కిరోసిన్ ట్రాక్టర్లలో, లోడు పెరిగితే ఇంధనంతో పాటు నీళ్లు కూడా వెళ్లే ఏర్పాటు ఉండేది.

1962లో అక్కడే ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారు వచ్చింది. దీనిది కార్బొరేటరు ఇంజనే. దానికి టర్బో బిగించారు. అంటే సైలెన్సరు పొగ తోపుకు తిరిగే చక్రం, గాలిని ఒత్తి ఇంజనులోకి నెడుతుంది. బలం పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. నాకింగ్ రాకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రావణం చల్లేవారు. చాలామంది సీసా నింపడం మరిచిపోయేవారు. సీసా ఖాళీ అయితే టర్బో ఒత్తిడి తగ్గిపోయి కారు లాగేది కాదు. 1963 తర్వాత ఆ కారు ఆగిపోయింది.

టర్బో ఇంజనుకు నీళ్లు పెట్టేవారు ఈ కొలతలు తప్పరు:

* నీళ్లను పంపు, నాజిలుతో మంచులా సన్నగా చల్లాలి. ధారగా పోయకూడదు.
* లోడు మీద ఉన్నప్పుడే పడాలి. స్లోలో పూర్తిగా ఆగాలి.
* ఇంధనం బరువులో సుమారు పదో వంతు నుంచి నాలుగో వంతు వరకే వాడాలి.
* ఉప్పు లేని డిస్టిల్డ్ వాటరే పోయాలి.

మన పంపుసెట్టుకు ఇవేవీ ఉండవు. సన్న గొట్టంతో ధార పెడితే సిలిండరులో నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నొక్కితే కుదించుకోవు గనుక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆయిల్లో కలిస్తే అది మజ్జిగలా తెల్లబడి పనికిరాదు. బోరు నీళ్లయితే, కాగు అడుగున కట్టినట్టే లోపల తెల్ల పెచ్చు కడుతుంది.

రైతులు చేయవలసినవి

* పెట్రోలు మీద బాగా వేడెక్కాకే కిరోసిన్‌కు మార్చాలి. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మార్చి, కార్బొరేటరులో కిరోసిన్ అయిపోయేదాకా నడపాలి.
* గాలితో చల్లబడే ఇంజను రెక్కల మధ్య చేరిన గడ్డి, దుమ్ము దులపాలి. ఇంజనును నీడలో, గాలి తగిలే చోట పెట్టాలి.
* హెడ్డులో పేరుకున్న మసి గీకించాలి. కంపెనీ చెప్పిన ప్లగ్గే వాడాలి.
* గవర్నరుకు తీగ కట్టి స్పీడు పెంచకూడదు.
* ఆయిల్ మట్టం పెరిగి, పల్చబడి, కిరోసిన్ వాసన వేస్తుంటే వెంటనే మార్చాలి.

చప్పుడు వినగానే స్పీడు తగ్గించి పెట్రోలుకు మార్చండి. అయినా తగ్గకపోతే ఇంజను ఆపేయండి. ఒక పూట తడి ఆలస్యమైనా ఫర్వాలేదు. చేను ఎండే వేళ ఇంజను షెడ్డులో ఉంటేనే అసలు నష్టం.